వలపక్షం

పై వరుస పంజరాల్లో తడిసిన రంపపు పొట్టు ఎత్తిపోసి, ఎలుకల మామ కింది వరుసకు వంగాడు. నడుం కలుక్కుమంది. మెడన ఎప్పుడూ ఉండే ఊదారంగు మఫ్లరు ఈమధ్య లేదు. వేళ్ల మీద పాత కాట్ల మచ్చలు, ఒంటినిండా ఎలుకల కంపు. ఎంత రుద్దుకున్నా వదలని ఆ వాసనను భార్య ఎప్పుడో సవతిగా ఒప్పేసుకుంది. అతని అసలు పేరు జీతాల గుమాస్తాకైనా గుర్తుందో లేదో!

ప్రయోగం కోసం రెండు వరుసల ఎలుకలకూ మందు పెట్టి కాలేయం చెడగొట్టారు. బాగుచేసే మందు మాత్రం పై వరుసకే. అది పంపరపనస తొక్కలోంచి తీసిన చేదు పొడి. అందులో ఉండేవి ఫ్లావనోన్లట. పురుగూ బూజూ దరిచేరకుండా మొక్క తనకోసం చేసుకునే సరుకు. అవి కాలేయాన్ని కూడా కాస్తాయని రుజువు చేయడానికి పరిశోధన చేసే అమ్మాయి నిద్రాహారాలు మానేసింది. కింది వరుసకు ఉత్త నీళ్లే. మొదట్లో అవి బొచ్చు రేగి, మూల నక్కి దిగాలుగా చూస్తుంటే మామ చూపు తిప్పుకునేవాడు.

మధ్యాహ్నం ఆ అమ్మాయి వచ్చి స్టూలు మీద కూలబడింది. రక్తపరీక్షలు వచ్చాయట. రెండు వరుసలూ ఒకేలా కోలుకున్నాయట. వాటంతటవే కోలుకుంటే ఇక పొడి దేనికి, దండగ, వేరే పని చూసుకొమ్మన్నాడట ప్రొఫెసరు. ఏడవలేదు గానీ, ఆమె ముఖాన కత్తివాటుకు నెత్తురుచుక్క లేదు.

మామ చేతిలో నీళ్లసీసా అలాగే ఉండిపోయింది. నోరు మూసుకుంటే ఎవడికి తెలుస్తుంది? చెబితే ఈ గదిలోకి మళ్లీ రానిస్తారా? పెళ్లికి ముందునుంచీ ఇదే గది. ఇది తప్ప అతనికి ఇంకో పని వచ్చి చస్తేగా! భయం వేసింది, బాగానే వేసింది.

"నీ పొడిలో లోపం లేదమ్మా," అన్నాడు చివరికి. "కింది వరుసకూ నేను పెట్టాను. మీరు పారేసిన తొక్క నూరి, కాస్త చక్కెర కలిపి, రోజూ."

ఆమె స్టూలు మీంచి లేచింది. "ఎందుకు బాబాయ్?"

"పంక్తిలో వలపక్షం నావల్ల కాదమ్మా."

అతను మేనత్త ఇంట్లో పెరిగాడు. ఆవిడ పిల్లలకు పాలు, ఇతనికి నీళ్లమజ్జిగ. ఆ సంగతి మాత్రం ఎవరికీ చెప్పలేదు.

అమ్మాయికి ఒళ్లు మండిపోయింది. అయినా అరవలేదు, అతన్ని వెంటబెట్టుకుని ప్రొఫెసరు గదికి వెళ్లింది. పొద్దుగూకేలోగా తేలిపోయింది. కొత్త ఎలుకలతో పని మళ్లీ మొదలు. పాతవాటిని రేపు తీసేస్తారు. మామకు గేటు దగ్గర కుర్చీ. ఎలుకలను తీసేయడమంటే ఏమిటో అతనికి ఎవరూ విడమరచక్కర్లేదు. తాళాలు ఆమె చేతిలో పెట్టి, చివరి పంజరంలోది కరుస్తుంది చూసుకొమ్మని చెప్పి వెళ్లిపోయాడు.

కోపం తగ్గకుండానే ఆమె దీపాలు ఆర్పబోతూ కింది వరుస దగ్గర వంగింది. చల్లగాలి గొట్టం మూతి సరిగ్గా ఆ వరుస మీదికే ఉంది. అయినా గాలి తగలడం లేదు. ఇదొకటి కూడానా అనుకుంటూ విప్పడానికి చెయ్యి చాపింది. రేపటిదాకా ఉండనీ అనిపించి, వెనక్కి తీసుకుంది.

గొట్టం మూతికి, ఒక కొస చినిగిన ఊదారంగు మఫ్లరు, రెండు ముళ్లు వేసి గట్టిగా కట్టి ఉంది.