వేలు చెప్పిన సందు

కళ్లద్దాలు పెట్టుకోగానే బల్ల మీది రబ్బరు బొమ్మకు మనిషి ముఖం వచ్చింది. పాతికేళ్ల కుర్రాడు. పెదాలు నీలంగా మారి, మెడ నరాలు ఉబ్బి, ఊపిరి అందక కొట్టుకుంటున్నాడు. ఎడమ ఛాతీలో గాలి నిండి ఊపిరితిత్తిని నలిపేస్తోంది. రెండు నిమిషాల్లో పక్కటెముకల రెండో సందులో సూది దింపి ఆ గాలి వదిలించాలి. అదీ పరీక్ష.

డాక్టరు చదువుతున్న ఆ అమ్మాయికి ఇది రెండో ప్రయత్నం. మొదటిసారి తప్పింది. ఇప్పుడూ తప్పితే ఏడాదంతా ఇంట్లో కూర్చోవాలి. వాళ్లింట్లో కాలేజీ గడప తొక్కింది తనొక్కతే.

"ఏమ్మా, ముహూర్తం చూస్తున్నావా?" తెర ముందు కూర్చున్న ప్రొఫెసరు అడిగాడు.

కళ్లద్దాల్లో ఎముకలు గాజులోంచి చూసినంత స్పష్టంగా ఉన్నాయి. ఆమె సూది పట్టుకుని, రెండో చేతి వేలితో తడిమింది. రొమ్ము ఎముక మీది మిట్ట, పక్కనే రెండో ఎముక, దాని కింద సందు. వేలు అక్కడ ఆగింది. కళ్లద్దాలు చూపుతున్న సందు మాత్రం రెండు వేళ్ల మేర కిందుంది.

మళ్లీ లెక్కపెట్టింది. వేలు మళ్లీ అక్కడే ఆగింది.

"ఇంకా నిమిషమే!" అన్నాడు ప్రొఫెసరు.

చిత్రాన్ని నమ్మితే, మార్కులేసే యంత్రం పాస్ అంటుంది. వేలిని నమ్మితే? తాపీపని చేసే నాన్న, గోడ పూర్తయ్యాక కళ్లు మూసుకుని అరచేత్తో నిమిరేవాడు. "కంటికి మొహమాటం ఎక్కువమ్మా, చేతికి ఉండదు" అనేవాడు.

"ఇరవై సెకన్లు. నిద్రపోతున్నావా అమ్మాయ్?"

ఆమె కళ్లు గట్టిగా మూసుకుని, వేలి పక్కనే సూది దింపింది.

కళ్లు తెరిచేసరికి కళ్లద్దాల్లో ఎర్రటి వెలుగు. "తప్పు" అంది తెర. అదే క్షణంలో బొమ్మ ఛాతీలోంచి గాలి బుస్సుమంది.

ప్రొఫెసరు కుర్చీ వెనక్కి నెట్టి లేచాడు. "యంత్రం తప్పంటోంది, బొమ్మేమో ఊపిరి వదిలింది. ఎవరి మాట వినమంటావు?"

"మీరే లెక్కపెట్టండి సార్." ఆమె చెయ్యి సూదిని వదల్లేదు.

ఆయన లెక్కపెట్టాడు. బొమ్మ భుజం మీద, చిత్రం ఎక్కడ పడాలో యంత్రానికి చూపడానికి అంటించిన నలుపుతెలుపు కార్డును గోటితో గీకి, తలుపు దగ్గర నిలబడ్డ అటెండరు వైపు తిరిగాడు. "దీన్ని ఎవరు కదిపారు?"

"భోజనాలయ్యాక స్పిరిట్‌తో తుడిచి మళ్లీ నేనే అంటించా సార్. శుభ్రంగానే..."

"శుభ్రంగానే ముంచావు! మరి ఆ తర్వాత చేసిన నలుగురికీ గాలి చప్పుడు వచ్చిందిగా?"

"అది బొమ్మలోంచి కాదు, కళ్లద్దాల్లోంచి వచ్చుంటుంది సార్" అందామె.

ఆయన ఆమె కాగితం మీద యంత్రం వేసిన సున్నా కొట్టేసి, చేత్తో మార్కు వేసి, సంతకం చేశాడు. "నువ్వు పాస్. వెళ్లి ఆ నలుగుర్నీ పిలుచుకురా. అయిదు నిమిషాల్లో వాళ్లు మళ్లీ చెయ్యాలి."

ఆ నలుగురిలో తన గదిలో ఉండే పిల్ల ఒకతె. వరండాలో ఫోన్ చెవికి అదిమి గెంతుతోంది. "అవునమ్మా, పాసయ్యా! ఒట్టు!"

ఆమె ఎదురుగా వెళ్లి నిలబడింది. "ఫోన్ పెట్టెయ్యవే."

"ఎందుకే? ఆ మొహమేంటి, పోయిందా?"

"నాది పోలేదు. నువ్వు మళ్లీ చెయ్యాలి. మీ నలుగురూ." ఆమె స్నేహితురాలి చెయ్యి పట్టుకుని, ఆ చూపుడువేలిని తన రొమ్ము ఎముక మీద పెట్టుకుంది. "ఏడుపు తర్వాత. అయిదు నిమిషాలుంది. ముందు మిట్ట పట్టుకో."