పెద్ద ముక్క ముందా, చిన్న ముక్క ముందా

మూట కట్టింది. పంపింది. రెప్పపాటులో జవాబు మూట తిరిగొచ్చింది. విప్పి చూస్తే లోపల ఒకటే మాట: ‘ఉన్నాను.’

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని టీ కప్పు అందుకుంది. ఆస్పత్రి అడుగు అంతస్తులో, నీళ్ళ గొట్టాలు గురగురలాడే ఆ ఇరుకు గదిలో పని రోజూ ఇలా అవతలి యంత్రం మేలుకుని ఉందో లేదో అడగడంతోనే మొదలవుతుంది. పై వార్డుల్లో ఎవరికేం కావాలన్నా, దూదైనా దుప్పటైనా, ఆవిడ కంప్యూటరులో రాసిన స్క్రిప్టు పని పేరునూ, వస్తువునూ, సంఖ్యనూ కలిపి మూట కట్టి, ఊరి అవతలి చివరున్న గోదాములోని యంత్రానికి పంపుతుంది. అక్కడి స్క్రిప్టు ఆ మూట విప్పి, చెప్పిన పని చేసి, జవాబు మూట కట్టి తిప్పి పంపుతుంది. అందుకే ఆస్పత్రిలో అందరూ ఆవిణ్ణి మూటలక్క అంటారు. అసలు పేరు జీతాల గుమాస్తాకి తప్ప ఎవరికీ గుర్తులేదు.

గోదాములో మూటలు విప్పే స్క్రిప్టు రాసింది ఆవిడ సొంత తమ్ముడే. ఆ తమ్ముడితో ఆవిడకి మాటల్లేవు. యంత్రాలు రెండూ పొద్దస్తమానం మాట్లాడుకుంటాయి. మనుషులిద్దరూ మాత్రం చుట్టాలింట్లో ఎదురుపడితే ఒకరు వాకిట్లోకీ, ఒకరు పెరట్లోకీ.

ఇవాళ అతని ఉద్యోగానికి ఆఖరి రోజు. సాయంత్రం బస్సుకి భార్యతో కలిసి వేరే ఊరు వెళ్ళిపోతున్నాడు. ఈ కబురు వారం కిందటే తెలిసింది. అప్పట్నుంచీ బల్ల మీది ఫోను కొండంత బరువైపోయింది.

ఒకప్పుడిలా ఉండేది కాదు. చిన్నప్పుడు రెండు అగ్గిపెట్టెలకి దారం కట్టి ఫోను ఆట ఆడుకున్నవాళ్ళే పెద్దయ్యాక ఒకే బల్ల దగ్గర కూర్చుని ఈ స్క్రిప్టులు రెండూ రాశారు. పని మొదలైన రోజే ఒక నర్సు ఒక్క దుప్పటి అడిగింది. గోదాము గుమాస్తా లబోదిబోమంటూ ఫోను చేశాడు. “కోటీ అరవై లక్షల పైచిలుకు దుప్పట్లా? రోగులకి కప్పుతారా, ఊరంతటికీ కప్పుతారా?”

తప్పు చిన్నదే. సంఖ్యను నాలుగు ముక్కలు చేసి మూటలో పెట్టాలి. ఆవిడ పెద్ద ముక్క ముందు పెట్టింది. అతను చిన్న ముక్కే ముందుంటుందనుకుని విప్పాడు. అలా తిరగబడి ఒకటి కాస్తా కోట్లయింది. ఎవరో ఒకరు తమ వరస తిప్పి రాసుకుంటే సరిపోతుంది. నువ్వు తిప్పంటే నువ్వు తిప్పని పంతాలకి పోయారు.

చివరికి జ్వరంతో మంచాన పడ్డ అమ్మ ఆవిణ్ణి దగ్గరికి పిలిచింది. “వాడు చిన్నవాడే. నువ్వే తగ్గు. నేను చెప్పానని అనకు.” ఆ సాయంత్రమే ఆవిడ ఆఫీసుకెళ్ళి చప్పుడు చెయ్యకుండా తన వరస తిప్పేసింది. తెల్లారి చూస్తే మళ్ళీ కోట్ల దుప్పట్లు! అంటే వాడూ తిప్పాడన్నమాట. అక్క తగ్గిందని కనిపెట్టి వెక్కిరించాడన్నమాట. ఆ రోజుతో మాటలు ఆగిపోయాయి. పై ఆఫీసరు విసిగిపోయి, ముక్కలూ వద్దు గిక్కలూ వద్దు, కాగితం మీద రాసినట్టు అంకెలుగానే పంపమన్నాడు. యంత్రాల తగువు అలా తీరింది. అమ్మ పోయినా మనుషుల తగువు తీరలేదు.

మధ్యాహ్నం గోదాము వ్యాను డ్రైవరు సరుకు దించి తలుపు దగ్గర నిలబడ్డాడు.

“ఏం మూటలక్కా, తమ్ముణ్ణి సాగనంపడానికి రావా? అక్కడ అందరూ ఫొటోలు దిగుతున్నారు.”

“నాకు పనుంది.”

“పనెప్పుడూ ఉండేదేగా! పొద్దున ఆయనే అన్నాడు. అమ్మకి జ్వరం వచ్చిందట చూడూ, ఆ రోజు ఆవిడ చెప్పిందట. అది పెద్దది, నువ్వే తగ్గరా, నేను చెప్పానని అనకు అని. పాపం అన్నం కూడా మానేసి తిప్పి రాశాట్ట. తెల్లారేసరికి నువ్వు అడ్డంగా తిప్పేశావంట. అంత మొండిఘటాన్ని ఎక్కడా చూళ్ళేదని నవ్వాడులే. నవ్వాడు గానీ, కళ్ళు తుడుచుకున్నాడు.”

కప్పు పెదాల దాకా వచ్చి ఆగిపోయింది.

“వ్యాను ఖాళీయేనా?” అంటూ ఆవిడ లేచింది.

దారి పొడుగునా డ్రైవరు ఏదో వాగుతూనే ఉన్నాడు. ఆవిడకి ఒక్క ముక్కా చెవికెక్కలేదు. ప్రతి కూడలిలోనూ ఎర్ర దీపమే. గోదాము మెట్లు ఆయాసపడుతూ ఎక్కి తలుపు తోసింది. తమ్ముడు అట్టపెట్టెకి తాడు బిగిస్తున్నాడు. జుట్టు సగం నెరిసింది. వంగినప్పుడు అచ్చం నాన్నలా ఉన్నాడు.

“ఒరేయ్, నేనూ తిప్పాన్రా.”

అతనికి అర్థం కావడానికి కాస్త పట్టింది. తాడు చేతిలోంచి జారింది.

“ఎప్పుడు?”

“అదే రోజు. అమ్మ తగ్గమంది.”

“నీకూ చెప్పిందా!”

“నేను చెప్పానని అనకు అని మరీ చెప్పింది.”

అతను అట్టపెట్టె మీదే కూలబడ్డాడు. ముందు భుజాలు కదిలాయి. తర్వాత నవ్వు బయటికొచ్చింది. ఆవిడ గోడకి ఆనుకుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నవ్వుతూనే ఏడ్చింది.

“ఇద్దరం తగ్గి చెడగొట్టామన్నమాట,” అన్నాడు.

“నువ్వు తగ్గుతావని కల్లో కూడా అనుకోలేదురా.”

“మరి నువ్వు తగ్గాలంటే? సూర్యుడు పడమట పొడవాలి.”

కింద టాక్సీ హారను మోగింది. ఇద్దరూ కిటికీ దగ్గరికి వెళ్ళి తొంగి చూశారు. తమ్ముడి భార్య టాక్సీలోంచి తల బయటపెట్టి అరిచింది. “బస్సు వెళ్ళిపోతుందండీ!” అతని పక్కన ఆవిణ్ణి చూసి నోరు తెరిచి, “వదినా!” అంది. ఇంకేం అనాలో తెలియక చెయ్యి ఊపింది.

మెట్లు దిగుతున్నంతసేపూ అతను అక్క చెయ్యి వదల్లేదు. టాక్సీ తలుపు మూసుకున్నాక ఆవిడ అద్దం దగ్గరికి వంగింది.

“దిగగానే ఫోను చెయ్యి.”

“నువ్వే చెయ్యొచ్చుగా.”

ఇద్దరూ ఒక్కసారే నాలిక కరుచుకున్నారు. టాక్సీ మలుపు తిరిగిపోయింది.

చేతిసంచీ మర్చిపోయానని ఆవిడ మళ్ళీ మెట్లెక్కింది. గదిలో ఎవరూ లేరు. అతను బూట్లు తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఆఫీసులో వేసుకునే రబ్బరు చెప్పులు మాత్రం బల్ల కింద ఉండిపోయాయి, ఎడమది కుడివైపు, కుడిది ఎడమవైపు.