ఎల్లవ్వ కుంపటి

నేను ఒక కుంపటిని. అడుగు పోయిన ఇనుప బకెట్టుకు గని కార్మికుడు ఓదేలు పక్కన గాలికి కన్నం చేసి, నడుమ చువ్వలు గుచ్చి, లోపల మట్టి మెత్తి, భార్య ఎల్లవ్వ చేతికిచ్చాడు. అప్పటినుంచి నాలో బొగ్గు మండని రోజు ఉండేది కాదు.

ఆ బొగ్గు ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట మట్టిలో కూరుకుపోయిన అడవి. మనుషులు దాన్ని ఒక పూట పప్పు ఉడకడానికి నాలో వేసేవారు. పప్పు ఉడికేసరికి బూడిద. నాలోకి వచ్చిన ముక్క ఏదీ మళ్ళీ రాలేదు. ఎవరితోనూ పరిచయం పెరగని సత్రం బతుకు నాది.

అయినా దాని గొప్ప దానిదే. ఎండ లేకపోయినా, గాలి వీచకపోయినా, ముసురు పట్టినా, అడిగిన పూట వేడి ఇచ్చేది. ఊళ్ళో దీపాలు, ఓదేలు జీతం, ఎల్లవ్వ గిన్నెలో మెతుకు, అన్నీ ఆ నల్లరాయి చలవే. ఇంటి గోడలకు మసి పట్టించిందీ, ఓదేలు ఛాతీలో దగ్గయి కూర్చుందీ అదే.

సాయంత్రమైతే వాడకట్టులో కుంపట్లన్నీ వీధిలోకి వచ్చేవి. పొగ పోయి బొగ్గు ఎర్రబడేదాకా బయటే ఉంచాలి. ఆ కాసేపు ఆడవాళ్ళు చుట్టూ చేరి, లేనివాళ్ళను ఆడిపోసుకుని, ఒకరి నిప్పు ఒకరు పట్టుకెళ్ళేవారు. నన్ను లోపలికి తెచ్చాక ఓదేలు తలుపు బార్లా తీసేవాడు.

"దీని గాలి కనవడదు, వాసన రాదు. మెల్లగ నిద్రపుచ్చుతది," అనేవాడు. "కోట్ల ఏండ్లు పండుకున్నదాన్ని మేం లేపితిమి. మనల పండవెట్టకుంట ఊకుంటదా?"

ఆ దగ్గుతోనే ఓదేలు పోయాడు. ఇంటింటికీ గ్యాస్ వచ్చింది. పొగ పోయేదాకా ఆగే పని లేక వీధి ఖాళీ అయింది. ఎల్లవ్వ ఒక్కతే నన్ను బయట పెట్టుకుని, మూసి ఉన్న తలుపులు చూస్తూ కూర్చునేది. బొగ్గు ఎర్రబడ్డాక కూడా లేచేది కాదు.

ఒక చలికాలపు సాయంత్రం మాత్రం ఆగలేదు. పొగ ఉండగానే నన్ను లోపలికి తెచ్చి, తలుపు దగ్గరికి వేసి, నా పక్కనే చాప పరుచుకుంది. ఓదేలు మాట మరిచిందా, గుర్తుండే మూసిందా? ఆమెకైనా తెలుసో లేదో. కణతలు నొక్కుకుంది. కళ్ళు బరువెక్కాయి. నాకు మండటమే వచ్చు. ఆరిపోవడం నా చేతిలో లేదు.

తలుపు ఎవరో నెట్టారు. పక్కింటి తిరుమల, చేతిలో గిన్నెతో.

"ఎల్లవ్వా, సిలిండర్ ఒడిసింది. జెర చాయ్ కాగవెట్టుకుంట..." అని ఆగిపోయింది. గిన్నె కింద పడేసి, ఎల్లవ్వను చంకల కింద పట్టి అరుగు మీదికి లాగింది. మొహాన నీళ్ళు కొట్టింది. చాలాసేపటికి ముసలామె కళ్ళు తెరిచింది.

"తలుపేసుకున్నవేందవ్వా? సత్తువు కదనే!"

"సలి వెట్టింది బిడ్డా."

"సలి వెడితే మా ఇంటికి రారాదు? కాళ్ళరిగినయా?"

"ఎవలు పిలిసిన్రే నన్ను?"

తిరుమల తన గుమ్మం వైపు చూసింది. ఆమె ఇల్లు అక్కడికి నాలుగడుగులు కూడా ఉండదు.

"ఇగో, నేను పిలుస్తున్న. లే," అంది. పోయేముందు బిందెడు నీళ్ళు నా మీద కుమ్మరించింది. లోపలి మట్టి పగిలి ఊడిపోయింది.

ఇప్పుడు నేను అరుగు పక్కన పాత సామానులో ఉన్నాను. తిరుమల కొత్త సిలిండర్ తెచ్చుకుంది. గ్యాస్ అయిపోయేదాకా అదీ పనిచేస్తుంది. పొద్దు వాలగానే ఎల్లవ్వ నా ముందునుంచే ఆ ఇంటికి పోతుంది. కాసేపటికి లోపలినుంచి ఆమె నవ్వు వినిపిస్తుంది. నా దగ్గర ఒక్క క్షణం కూడా ఆగదు. ఆగకూడదనే అనుకుంటాను. ఆగితే బాగుండునని కూడా.