పక్క వసారాలో సరోజినీదేవి

యాభై ఏడేళ్ళు వచ్చినా ఇంకా బయట చేరే ఆడది తిరువూరు మొత్తం మీద తానొక్కతేనని సరోజినీదేవికి గట్టి నమ్మకం. అలాంటి గొప్పని ఇంట్లో దాచుకునే మనిషి కాదామె. వీధి వైపున్న పక్క వసారాలో చాప పరిపించుకుని, విడిగా ఇత్తడి గ్లాసు పెట్టుకుని, మంచినీళ్ళకి వెళ్ళే ఆడవాళ్ళందరికీ కనిపించేలా కూర్చునేది.

"ఏంటండీ, మళ్ళీనా?" అని ఎవరైనా అడిగితే, "ఏం చేస్తానమ్మా, ఇంకా వదిలి చావడం లేదు" అని విసుక్కునేది. ఆ విసుగులో ఎంత మురిపెం ఉందో వీధిలో అందరికీ తెలుసు.

నిజానికి ఆమెకి నాలుగేళ్ళ కిందటే ముట్లుడిగాయి. ఆ తర్వాత ఒళ్ళంతా ఆవిర్లు, చెమటలు, రాత్రిళ్ళు నిద్ర లేదు. బెజవాడలో ఒక డాక్టరుగారు మాత్రలు రాసిచ్చి, మూడు నెలలు వాడి మళ్ళీ కనిపించమన్నారు. ఆవిర్లు చేత్తో తీసేసినట్టు పోయాయి, ముఖం నిగనిగలాడింది. ఇంక కనిపించడం దేనికి? తమ తోట మామిడికాయల లారీ వెంట బెజవాడ వెళ్ళే గుమాస్తా అంకారావు చేత మాత్రలు తెప్పించుకుని మింగుతూనే ఉంది. కొన్నాళ్ళకి ఎర్రబట్ట మళ్ళీ కనబడింది. వయసు వెనక్కి తిరిగి వచ్చిందని సంబరపడింది. మాత్రల ఊసు మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు. "మా పుట్టింటి రెడ్డిగూడెం నీళ్ళమ్మా" అనేది.

ఎదురింటి తోటికోడలు మాణిక్యమ్మకి ఈ మాట వింటే ఒళ్ళు మండేది. ఆమె వయసులో చిన్నదే, అయినా ఎప్పుడో ఆగిపోయాయి.

డెబ్భై ఏడో సంవత్సరం ఎండాకాలంలో వారం దాటినా ఎర్రబట్ట ఆగలేదు, చాప ఎత్తే పని పడలేదు. నాలుగు మెట్లెక్కితే ఆయాసం. బలానికి టానిక్కు రాయించుకుందామని ఊళ్ళోకి కొత్తగా వచ్చిన లేడీ డాక్టరు ప్రేమావతి దగ్గరకి వెళ్ళింది. ప్రేమావతి ఎవరో కాదు, సరోజినీదేవి కొడుకులకి లెక్కలు చెప్పిన శౌరయ్య మాస్టారి కూతురే. టానిక్కు రాయకుండా ప్రశ్న మీద ప్రశ్న వేసి, చివరికి మాత్రల సంగతి బయటికి లాగింది.

"ఆ మాత్రల్లో ఉన్నది మన ఒంట్లో ఊరే హార్మోనేనండి, ఈస్ట్రోజన్ అంటారు. గర్భసంచి లోపలి పొరని పెరగమంటుంది. వయసులో ఉన్నప్పుడు ఇంకో హార్మోను వచ్చి ఇక చాలంటుంది. అప్పుడా పొర రాలిపోతుంది. అదే ముట్టు. ముట్లుడిగాక ఆ రెండోది ఊరదు. మీరేమో మొదటిదాన్నే ఇన్నేళ్ళూ మింగారు."

సరోజినీదేవి సేద్యం తెలిసిన మనిషి. "అంటే చేలోకి మడవ తీసినవాడే గానీ కట్టేవాడు లేడన్నమాట."

"అంతేనండి. నీళ్ళు ఆగవు, చేను మునుగుతుంది. ఆ పొర పెరిగి పెరిగి కొందరిలో కేన్సరుకి తిరుగుతుంది. ఈ మాత్రలు వాడినవాళ్ళలో అది ఎక్కువని అమెరికా డాక్టర్లు రెండేళ్ళ కిందటే రాశారు. మీకొస్తున్నది ముట్టు కాదు. ఇవాళే మాత్రలు మానెయ్యండి. గుంటూరు వెళ్ళి ఆ పొర గీకించి పరీక్ష చేయించాలి. ఆలస్యమైతే ప్రాణం మీదికొస్తుంది."

"మామిడికాయల పని అవనీ, చూద్దాం" అని లేచి వచ్చేసింది.

మాత్రలైతే మానేసింది. గుంటూరు మాట మొగుడు వెంకటప్పయ్యతో కూడా అనలేదు. చావంటే భయం లేక కాదు. ఇన్నాళ్ళూ చాపేసుకుని ఊరందరికీ చూపించింది రోగాన్నని తెలిస్తే మాణిక్యమ్మ నవ్వే నవ్వుంది చూశారూ, దానికి భయపడింది. కాయల పని అయిపోయింది, తొలకరి పడింది, ఆమె కదల్లేదు.

ఒక పొద్దున తలుపు తీసేసరికి ఎదురింటి పక్క వసారాలో కొత్త చాప కనిపించింది. దాని మీద తల్లో పూలతో మాణిక్యమ్మ, పక్కన ఇత్తడి గ్లాసు.

"ఏం చేస్తాను అక్కా, నాకూ వదిలి చావడం లేదు" అంది మాణిక్యమ్మ, వీధికంతటికీ వినబడేలా.

సరోజినీదేవికి సంగతి అర్థమైంది. అంకారావు నోరు జారి ఉంటాడు, మాత్రలు ఇద్దరికీ తెస్తున్నాడు. తాను నోరు మెదపకుండా లోపలికి వెళ్ళిపోవచ్చు, పరువు నిలుస్తుంది. కానీ ఎదురుగా కూర్చుని మురిసిపోతున్నది తన మురిపెం చూసి చెడిపోయిన మనిషి. వీధి దాటి వెళ్ళి ఆ చాప మీదే కూర్చుంది.

"ఆ మాత్రలు పారెయ్యవే మాణిక్యం. అవి మంచివి కావు."

మాణిక్యమ్మ ముఖం ముడుచుకుంది. "నాకూ వయసొచ్చేసరికి ఓర్వలేకపోతున్నావా అక్కా?"

బిందెలతో వెళ్ళే ఆడవాళ్ళు ఆగిపోయారు. సరోజినీదేవి లేచి నిలబడింది.

"ఇది వయసు కాదే, రోగం. అందరూ వినండమ్మా. ఇన్నాళ్ళూ ఆ వసారాలో కూర్చుని నేను మీకు చూపించింది రోగాన్నే. రెడ్డిగూడెం నీళ్ళూ లేవు, ఏమీ లేవు. మాత్రలు మింగాను." మాణిక్యమ్మ వైపు తిరిగింది. "రేపు మొదటి బస్సుకి గుంటూరు పోతున్నాను. నువ్వూ వస్తున్నావు. నవ్వాలనుంటే బస్సులో నవ్వుకో."

సిగ్గుతో చచ్చిపోతాననుకుంది గానీ, తల దానంతటదే పైకి లేచింది. వసారాలో కూర్చున్న ఇన్నేళ్ళలోనూ అంత గర్వం ఆమెకి ఎప్పుడూ కలగలేదు. మాణిక్యమ్మ నవ్వలేదు. బస్సులో దారి పొడుగునా అక్క చెయ్యి పట్టుకునే కూర్చుంది.

గుంటూరులో మాణిక్యమ్మకి పొర దళసరెక్కిందంతేనన్నారు. మాత్రలు మానితే చాలు, అప్పుడప్పుడూ వచ్చి చూపించుకోమన్నారు. సరోజినీదేవికి కేన్సరేనని తేలింది. గర్భసంచి దాటి పోలేదు గనక ఆపరేషను చేసి తీసేశారు. ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చేతులెత్తేసేవాళ్ళమని పెద్ద డాక్టరు మొహమాటం లేకుండా చెప్పాడు.

దసరా వెళ్ళాక, ఒళ్ళు కాస్త కూడదీసుకోగానే ఆమె పక్క వసారాలో మళ్ళీ చాప వేయించింది. ముట్లుడిగాక ఒక్క చుక్క కనబడినా దాచుకోవద్దని, డాక్టరమ్మ దగ్గరకి పొమ్మని వచ్చేపోయే వాళ్ళకల్లా చెప్పేది. వీధరుగు మీద పేపరు చదువుకునే వెంకటప్పయ్య మొదట్లో దగ్గేవాడు. తర్వాత దగ్గడం మానుకున్నాడు.

ఒకనాడు గంపలగూడెం బస్సు దిగి ఒకామె ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వసారా కింద నిలబడిపోయింది. ఒకప్పుడు ఎవరూ తాకకూడని చాప అది. సరోజినీదేవి పక్కకి జరిగి చోటిచ్చింది.

"కూర్చోమ్మా, భయపడకు" అంది మజ్జిగ తెచ్చిన మాణిక్యమ్మ. "ఈ ఊళ్ళో ఈ సంగతి నోరు విప్పి చెప్పిన మొదటి ఆడది మా అక్కే. నేనిలా తిరుగుతున్నానంటే ఆవిడ చలవే."

సరోజినీదేవి ఈసారి విసుక్కోలేదు. మెడ నిటారుగా పెట్టుకుని, "ఎన్నాళ్ళయిందమ్మా కనబడి?" అని అడిగింది.