నాలుగు పిల్లల తేడా

రూతుకు అనుమానం పుట్టుకతో వచ్చింది కాదు, ఉద్యోగంతో వచ్చింది. ముదిగుబ్బలో ఒక ప్రైవేటు ల్యాబులో ఆమె రక్తపరీక్షలు చేస్తుంది. పరగడుపున రమ్మంటే టీ తాగి వచ్చి తాగలేదనేవాళ్లనూ, మాత్రలు మింగకుండానే మింగామని ఒట్టేసేవాళ్లనూ పన్నెండేళ్లుగా చూస్తోంది. నోరు అబద్ధమాడుతుంది గానీ రక్తం ఆడదు అంటుంది. విన్నవాళ్లు నవ్వుతారు. ఆమె నవ్వదు.

అట్లాంటి మనిషి చేతికి అబద్ధమాడని లెక్కల పుస్తకం ఒకటి దొరికింది. పుస్తకం అంటే పుస్తకం కాదు. కంప్యూటర్లో ఉత్త అక్షరాల ఫైలు. రంగుల్లేవు, గళ్లు లేవు, బొమ్మల్లేవు. ఏ తేదీన ఏది ఎక్కడినుంచి ఎక్కడికి పోయిందో మనం వరసగా టైపు చేసి పెడితే, ఒక ఉచిత ప్రోగ్రాం దాన్ని చదివి కూడికలు చూస్తుంది. ఇచ్చినదీ పుచ్చుకున్నదీ కలిపితే సున్నా రావాలి. రాకపోతే నల్లని తెర మీద ఎర్రక్షరాలతో మొట్టికాయ వేస్తుంది. రెండేళ్ల కిందట వీడియోలు చూసి నేర్చుకుంది. జీతం, గ్యాసు, చీటీ, చర్చి కానుక, అన్నీ అందులోనే. పెరుగు ప్యాకెట్టు కూడా తప్పించుకుపోలేదు.

ఆ ప్రోగ్రాంలో రూపాయలే రాయాలని లేదు. ఏ సరుకునైనా దుడ్ల లాగే లెక్క కట్టొచ్చు. అందుకని రూతు గొర్రెను కూడా ఒక నాణెం చేసేసింది. పన్నెండేళ్ల పొదుపు పెట్టి ఇరవై గొర్రెలు కొని, ఊరికి ఐదు మైళ్లలో ఉన్న గుట్టకింది పల్లెలో ఎర్రిస్వామికి సగం పాలికి ఇచ్చింది. మేపేది అతను. పుట్టిన పిల్లల్ని ఏడాదికొకసారి చెరిసగం పంచుకోవాలి. పంచేదాకా అంతా ఒకే మంద. ఫోనులో కబురు వచ్చిన క్షణమే, చేతిలో పని వదిలేసి, ఆమె ఫైల్లో ఎక్కించేది. ఆమెకున్న ఆస్తంతా ఆ మందే.

దసరా వెళ్లాక పంపకాల ముందు ఒకసారి చూసుకుందామని పల్లెకు పోయింది. కంప దడిలో చిన్న సందు చేసి ఒక్కొక్కదాన్నే బయటికి వదలమంది. ముప్పై రెండు. ఇంకోసారి వదలమంది. ముప్పై రెండే. ఇంటికి వచ్చి, "ఈ రోజుకు మందలో ఉన్నవి ముప్పై రెండు" అని ఫైల్లో ఒక వరస రాసి ప్రోగ్రాం నడిపింది. ఎర్రక్షరాలు పడ్డాయి. రాసిన వరసల ప్రకారం ముప్పై ఆరు, నువ్వు చెప్పింది ముప్పై రెండు, తేడా నాలుగు.

మొదట ఫైలునే అనుమానించింది. అంతవరకూ ఆమెది న్యాయమే. పేరుకూ అంకెకూ నడుమ రెండు ఖాళీలుండాలి, ఒక్కటే ఉంటే ప్రోగ్రాం అంకెను కూడా పేరులో కలిపేసుకుంటుంది. అవన్నీ చూసింది. తేదీలు వెనకాముందు పడ్డాయేమో చూసింది. ఒకే వరస పొరపాటున రెండుసార్లు అతికిందేమో వెదికింది. ఒకే తేదీన రెండు కాన్పులు ఎక్కడా లేవు. ఇరవై తల్లులు, పదహారు పిల్లలు. ఫైలు కడిగిన ముత్యంలా ఉంది. అంటే మురికి ఇంకెక్కడో ఉన్నట్టు.

"ఆయప్ప తిని ఉంటాడు. లేదంటే సంతలో తోలేసి ఉంటాడు" అంది మొగుడితో.

శ్రీనివాసులు కరెంటు పనులు చేసే మనిషి. ఏది కాలినా ముందు ఇంటివాళ్లను అడుగుతాడు. "ఎర్రిస్వామినే అడుగు. ఏ నెలలో ఎన్ని రాసుకుంటివో ఆయప్ప ముందర చదువు. తేలిపోతాది" అన్నాడు.

"చదివితే ఏమయితాది? ఒక్కోదానికి ఒక్కో కథ చెప్తాడు. ఇది కుక్క పట్టె, అది జబ్బు చేసె అని. విడివిడిగా చెప్పకూడదు. మొత్తం చెప్పి మొగం చూడాల."

"మొగంలో ఏం కనపడతాదే?"

"నాకు కనపడతాది."

నిజమే, అప్పట్నుంచి ఆమెకు చాలా కనపడ్డాయి. ఎర్రిస్వామి కొట్టానికి కొత్త రేకులు పడ్డాయి. రేకులకు దుడ్లు యాడివి? మొన్న గొర్రెలు లెక్కపెడుతుంటే అతను మాటిమాటికీ తలగుడ్డ సర్దుకున్నాడు. ఎందుకు? అతని పెళ్లాం హనుమక్క మజ్జిగ ఇచ్చి, నిలబడకుండా లోపలికి పోయింది. అంత తొందరేం? అనుమానానికి మేత కరువు ఉండదు. వానల్లేని సీమలో కూడా అది బాగా బలుస్తుంది.

ఆ వారంలోనే అదే పల్లె మనిషి తిప్పన్న తన పెళ్లానికి షుగరు పరీక్ష చేయించడానికి ల్యాబుకు వచ్చాడు. అతనివీ పదకొండు గొర్రెలు ఎర్రిస్వామి దగ్గరే పాలికి ఉన్నాయి. సూది గుచ్చుతూ రూతు ఏమీ అననట్టే, "అన్నా, నీ జీవాలు ఒకసారి లెక్క జూసుకో" అంది. తిప్పన్న ఎందుకమ్మా అన్నాడు. "ఊరికే. నావి నాలుగు తక్కువొచ్చినాయి" అంది. అంతే అంది. ఇంకేం అనాలి?

ఆదివారం ప్రార్థన కాగానే మళ్లీ పల్లెకు పోయింది. ఎర్రిస్వామి దడి దగ్గర కూచుని గొంగడి దులుపుకుంటున్నాడు. హనుమక్క వాకిట్లో వేరుశనక్కాయలు ఒలుస్తోంది. రూతు కూర్చోలేదు.

"ఎర్రిస్వామన్నా, పిల్లలు ఎన్ని పడినాయి ఈ ఏడు?"

"పన్నెండమ్మా."

"పదహారు."

అతను ఆమె మొగంలోకి చూశాడు. "యాడివమ్మా పదహారు? పన్నెండే. దొడ్లో ఉండాయి చూడు."

ఆమె సంచిలోంచి ల్యాప్‌టాప్ తీసి, అరుగు మీద తెరిచి, ఎర్రక్షరాలు చూపించింది. అతనికి చదువు రాదని ఆమెకు తెలుసు. అయినా చూపించింది. ఎర్రరంగు చదవడానికి చదువు అక్కర్లేదనుకుంది. "ఇది మనిషి కాదు, మర్చిపోయేదానికి. నాలుగు తక్కువ అంటాంది."

ఎర్రిస్వామి తెరను చాలాసేపు చూశాడు. "అట్లయితే ఎప్పుడెప్పుడు ఎన్ని రాసుకుంటివో చదువమ్మా. నేను చెప్పిందే గదా నువ్వు రాసుకునింది. వరసగా చదువు, వింటా."

హనుమక్క కాయలు వదిలేసి తల ఎత్తింది.

"చదివేదేం లేదన్నా. పదహారంటే పదహారు. నాలుగు ఏమయినాయో నువ్వు చెప్పు."

"లేనివి ఏమయినాయని చెప్పేది?"

అతను తలగుడ్డ తీసి మొగం తుడుచుకున్నాడు. రూతు అది కూడా గుర్తు పెట్టుకుంది. కాసేపటికి లేచి దొడ్లోకి పోయాడు. పదహారులో సగం ఎనిమిది. పన్నెండు పిల్లల్లోనూ బలమైనవి ఎనిమిదింటిని తనే ఏరి ఆమె వైపు తోశాడు. నాలుగు మిగిలాయి.

"నీ ఎనిమిది నీకు వచ్చినాయి. నా నాలుగు నాకు చాలు. నీ తల్లుల్ని గూడా తోలుకపోమ్మా. అనుమానం ఉన్నోళ్ల జీవాలు నేను మేపను. రేపొద్దున ఒకటి నిజంగా చచ్చినా నాకు నోరుండదు."

దొంగకు రోషం ఎక్కువ అనుకుంటూ రూతు ఆటో మాట్లాడుకుంది. ఇంటికొచ్చి పంపకం ఎక్కించింది. నాలుగు పిల్లల్ని "ఎర్రిస్వామి మింగినవి" అన్న పద్దు కింద రాసింది. తేడా సున్నా. ఎర్రక్షరాలు పోయాయి. రూతుకు చాలా రోజుల తర్వాత అన్నం సయించింది.

ఇరవై ఎనిమిది గొర్రెల్ని తనకల్లు దారిలో ఉన్న దాసప్పకు అప్పగించింది. అతను సగం ఒప్పుకోలేదు, మూడింట రెండు పాళ్లు తనవే అన్నాడు. గతిలేక సరేనంది. నెలన్నర తిరిగాక, ఫోను మోగకపోయేసరికి తనే చేసింది. ఈసారి మొదట్నుంచే జాగ్రత్తగా ఉండాలి గదా.

"ఈనినాయా దాసప్పా?"

"ఈనినాయి మేడం."

"మరి చెప్పవే? ఎన్ని?"

"ఇప్పుడు చెప్పకూడదు మేడం. పుట్టిన పిల్లను గంప కింద మూసి సాకినన్నాళ్లు లెక్క కాదు. బతికి, బయటికొచ్చి, గడ్డి నోట పెట్టినాక మందలో కలిపి అప్పుడు చెప్తాం. నెల పైనే పడతాది. మాలో ఎవురైనా అంతే. ముందే చెప్తే దిష్టి."

"ఎవరైనా అంతేనా?"

"గొర్రెలు మేపేటోళ్లు ఎవురైనా. ఆడోళ్లు మాత్రం నోరు ఆపుకోలేరు మేడం, పుట్టిందే తడవు ఊరంతా చెప్తారు" అని నవ్వాడు దాసప్ప.

రూతు నవ్వలేదు. ఫోను పెట్టేసి ఫైలు తెరిచింది. జులై పంతొమ్మిది, నాలుగు పిల్లలు. ఆ రోజు ఎర్రిస్వామి మందను మేత కోసం కాలవ పక్కకు తోలుకపోయి ఉన్నాడు. నెలలు నిండిన తల్లులు ఇంటి దగ్గరే ఉన్నాయి. ఫోను చేసింది హనుమక్క. "రూతమ్మా, నాలుగు పడినాయమ్మా, నాలుగూ ఆడపిల్లలే!" అని ఆమె గొంతు సంతోషంతో కీచుమంది. ఆగస్టు ఇరవై ఏడు, నాలుగు పిల్లలు. ఫోను చేసింది ఎర్రిస్వామి. "నాలుగు పిల్లలు మందలో కలిసినాయమ్మా, రాసుకో" అన్నాడు. రూతు రాసుకుంది. ఏడాది పొడవునా కబురు చెప్పింది అతనే, గడ్డి తిన్నాకే చెప్పాడు. ఆ ఒక్కసారే హనుమక్క నోరు ఆపుకోలేకపోయింది.

ఫైలు ఏం చేస్తుంది పాపం? రెండు తేదీలు, రెండు కబుర్లు, పిల్లలు మాత్రం అవే నాలుగు. రెంటికీ రెండు వైపులూ సరిగ్గా సరిపోయాయి. ఆమె ఏం టైపు చేస్తే అదే నమ్మింది.

ఆ రోజు చదివి ఉంటే అయిపోయేది. చదివితే కథలు అల్లుతాడని భయపడింది. అల్లడానికి అక్కడ కథే లేదు. సిగ్గుతో చెవులు కాలిపోతుంటే జులై వరసను చెరిపేసి ప్రోగ్రాం నడిపింది. మళ్లీ ఎర్రక్షరాలు. ఈసారి లేని నాలుగు పిల్లల్ని మింగిన మనిషి ఒకడు లెక్కలో మిగిలాడు. ఆ పద్దు తీసేసి పంపకం తిరగరాసింది. పన్నెండులో సగం ఆరు. ఆమె తెచ్చుకున్నవి ఎనిమిది. రెండు ఎర్రిస్వామివి.

మర్నాడు ల్యాబుకు సెలవు పెట్టి, దాసప్ప దగ్గర బలమైనవే రెండు ఏరుకుని, ఆటోలో వేసుకుని పల్లెకు పోయింది. దారి పొడవునా చెప్పాల్సిన మాటలు కూడబలుక్కుంది. పోయేసరికి దొడ్డి ఖాళీగా ఉంది. కంప తీసి ఒక పక్కన పడేశారు. హనుమక్క వాకిట్లోకి వచ్చింది. రమ్మనలేదు, పొమ్మనలేదు.

రూతు నిలబడే అంతా చెప్పింది. కూడబలుక్కున్న మాటలు ఒక్కటీ రాలేదు. జులై, ఆగస్టు, గంప, గడ్డి అని ఏదో తికమకగా చెప్పింది. హనుమక్క చివరిదాకా విన్నది.

"ఆ పొద్దు ఆయప్ప చదువమ్మా అన్యాడు గదా. నేను ఈడనే ఉంటి. నువ్వు చదివింటే, ఆ నాలుగూ ఈ నాలుగూ ఒకటేనమ్మా అని నేనే చెప్పింటి" అంది.

"తప్పయిపోయింది హనుమక్కా. ఎర్రిస్వామన్న యాడ?"

"బెంగళూరు. ఏదో అపార్టుమెంటు కాడ వాచ్‌మేను. నువ్వు తోలుకపోయిన వారానికి తిప్పన్న వచ్చి తన జీవాల్ని తోలుకపాయ. ఇంకో ఇద్దరు తోలుకపాయిరి. లెక్క జూసుకుంటే ఎవురివీ తక్కువ రాలేదు. అయినా తోలుకపాయిరి. ఉన్న నాలుగు పిల్లల్ని అమ్మి ఛార్జీలు పెట్టుకునె." హనుమక్క ఆటోలోకి తొంగి చూసింది. "ఈ రెండూ ఎవురు మేపాలమ్మా?"

హనుమక్క కొంగు ముడిలోంచి చిన్న ఫోను తీసి, నొక్కి, ఆమె చేతికిచ్చింది. "నాకెందుకు చెప్పేది? ఆయప్పకే చెప్పు."

అవతల బండ్ల చప్పుడు. ఆ చప్పుడులోంచి ఎర్రిస్వామి గొంతు. రూతు మళ్లీ మొదట్నుంచి చెప్పింది. ఈసారి తేదీలతో సహా, వరసగా, ఒక్కొక్కటే చదివినట్టు చెప్పింది. చెప్పి, "నువ్వు తియ్యలేదన్నా. తప్పు నాదే" అంది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

అతను కోపపడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది.

"తిప్పన్నకు చెప్పినావామ్మా?" అన్నాడు.

"ఇంకా లేదన్నా. ముందు నీకు చెబుదామని నేరుగా ఈడికే వచ్చినా."

"నేను తియ్యలేదని నాకు తెలుసు గదమ్మా. నాకేంటికి చెప్పేది? తెలియనోళ్లకు చెప్పుపో."

ఫోను పెట్టేశాడు. రూతు దాన్ని హనుమక్క చేతికిచ్చి, రెండు పిల్లల్నీ ఆటోలోంచి దించింది. ఆటో అతన్ని కాసేపు ఉండమని, తిప్పన్న ఇల్లు ఏ వీధిలోనో హనుమక్కను అడిగింది. హనుమక్క చెయ్యి చాపి చూపించింది. మిట్టమధ్యాహ్నం, ఆ వీధి అరుగుల మీద పదిమంది కూర్చుని ఉన్నారు. రూతు కొంగు కప్పుకుని అటు నడిచింది.