రక్షింప... పడ్డాను

నిచ్చెనకి ఒక్క మాట నోరు తిరగడం లేదు. పాస్టరుగారు "రక్షింపబడ్డాను" అని చెప్పిస్తే, అతను "రక్షింప" దగ్గర ఆగి, ఊపిరి పీల్చుకుని, "పడ్డాను" అని ముగిస్తాడు. "కలిపి అనవయ్యా," అంటారు పాస్టరుగారు. కలిపితే నాలుక మడత పడుతుంది. బాప్తిస్మం తీసుకునేవాళ్లు ముందుగా సంఘం ఎదుట లేచి సాక్ష్యం చెప్పాలి. ఆ సాక్ష్యం ఈ మాటతోనే మొదలవ్వాలని అక్కడ పద్ధతి. ఇంట్లో గానీ బజార్లో గానీ ఎవరూ వాడని మాట అది. అన్నం తినబడింది, తలుపు వేయబడింది అని ఎవరంటారు? ప్రార్థన మందిరం గుమ్మం దాటితే తప్ప ఆ "బడు"తో ఎవరికీ పనిలేదు.

నిచ్చెన భవనాలకి రంగులు వేస్తాడు. మిగతావాళ్లు స్టూలెక్కి అందుకునేది అతను నేల మీద నిలబడే అందుకుంటాడు కాబట్టి ఆ పేరు స్థిరపడిపోయింది. అసలు పేరు పెట్టిన అమ్మ కూడా చివరికి అలాగే పిలిచింది. అతనికి పనిప్పించేది అక్క మొగుడు, రంగుల మేస్త్రి. బావ గొంతు పెద్దది. మనసూ పెద్దదే గానీ, గొంతు ముందు వినపడుతుంది.

ఆ మధ్య ఒక అయిదంతస్తుల మేడకి రంగు పని దొరికింది. మేడ మీది నుంచి రెండు తాళ్లతో పలక వేలాడదీస్తారు. దాని మీద కూర్చుని గోడకి రంగు వేస్తూ పోవాలి. పలక సంగతి ఎలా ఉన్నా, నడుముకి విడిగా ఇంకో తాడుంటుంది. దాని రెండో కొస మేడ మీద బావ చేతిలో. నిచ్చెన నడుముకి వేరెవరైనా ముడి వేస్తే బావ ఒప్పుకోడు. తనే వేసి, రెండుసార్లు గుంజి చూసి, "ఇక చావమన్నా చావలేవు, పో," అని దించుతాడు.

ఆ మేడ పిట్టగోడ లోపలివైపు ఒక ఇనపఊచ పొడుచుకొచ్చి ఉంది. కట్టినవాళ్లు కొయ్యకుండా వదిలేసిన ముక్క. పొద్దుట్నుంచీ అది తాడుకి అడ్డం తగులుతూనే ఉంది, బావ చొక్కా కూడా చింపింది. దాన్ని, దాన్ని వదిలేసినవాణ్ణి, వాడికి పని నేర్పినవాణ్ణి వరసగా తిట్టి, "రేపు రంపం తెచ్చి నీ పని పడతా," అన్నాడు బావ. ఊచతోనే అన్నాడు.

మధ్యాహ్నం పలకతాడు ఒకటి తెగింది.

నిచ్చెన పడ్డాడు. రెండంతస్తుల మేర కిందికి పోయి, గాల్లో ఆగాడు. తర్వాత బావ తాడు పైకి లాగాడు. కింద వాచ్‌మన్ చూస్తూనే ఉన్నాడు, అక్క కొంగుతో కట్టు కడుతున్నప్పుడు వాడంతా చూసింది, బావ రెండు అరచేతులూ తోలు ఊడిపోయాయి. అందులో అబద్ధం ఏమీ లేదు.

చేతులు మానాయి, మచ్చలు మిగిలాయి. అక్కణ్ణుంచి బావకి ఆ మచ్చలే మాట. టీ కొట్లో గ్లాసు అందుకునేటప్పుడు అరచెయ్యి వెల్లకిలా తిప్పేవాడు. అడిగినవాడికి చెప్పేవాడు, అడగనివాడికి ఇంకాస్త వివరంగా చెప్పేవాడు. చెప్పగా చెప్పగా తాడు బరువెక్కింది, ఎండ ముదిరింది. నిచ్చెన మాత్రం అంతే పొడుగున్నాడు, అతన్ని పెంచడానికి ఇక చోటు లేదు కాబట్టి.

నిచ్చెనేమో నడుం నొప్పితో అక్క ఇంట్లో పడుకున్నాడు. అక్క భక్తురాలు. బియ్యం ఏరుతూ బైబిలు గట్టిగా చదివేది. లేచి పోలేక విన్నాడు కొన్నాళ్లు, తర్వాత లేవగలిగీ విన్నాడు. ఒకరోజు మంచం మీదే ఏడ్చాడు. నొప్పి అనుకుని అక్క కాపడం పెట్టబోయింది. "నొప్పి కాదక్కా," అన్నాడు. అదీ అతను బాప్తిస్మం దాకా వచ్చిన దారి.

సాక్ష్యం చెప్పాల్సిన ఆదివారం దగ్గరపడ్డాక బావ అడిగాడు.

"ఏం చెబుతావురా బామ్మర్దీ?"

"దేవుడు నన్ను రక్షించాడని."

"మరి నేనో? నేనేం చేశాను, చిడతలు వాయించానా?"

"నువ్వు లాగావు బావా. కాదన్నానా?"

"అందరి ముందూ అను. ఆ మహిమేదో నాక్కూడా కొంచెం పంచు. ఈ చేతులు లేకపోతే నీకు సాక్ష్యమే లేదురా. నా సంగతి పక్కనపెట్టి అంతా పైవాడికే కట్టబెట్టావనుకో, నీ తాడు ఇంకెవడి చేతికైనా ఇచ్చుకో. నేను పట్టను."

అక్క వంటగదిలోంచి, "ఏం మాటలండీ అవి!" అంది. బావ వినిపించుకోలేదు.

ఇంకొకరి చేతిలో తాడుంటే నిచ్చెన కిందికి దిగలేడు, అది బావకీ తెలుసు. పని పోవడం ఒకెత్తు. నాన్న లేని ఇంట్లో తనకి సైకిలు నేర్పిన మనిషి ముఖం చాటేస్తే ఎలా? పోనీ, బావే రక్షించాడని చెప్పి కూర్చుంటే? మంచం మీద ఏడ్చిన సంగతి అబద్ధం అయిపోతుంది. పాస్టరుగార్ని అడిగితే, "నిజం చెప్పు, ప్రేమగా చెప్పు," అన్నారు. ఆయనకేం, ఆయన తాడు మీద వేలాడరు.

ఆదివారం బావ కొత్త చొక్కా వేసుకుని వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు. అతను మందిరంలోకి రావడమే అరుదు. అక్క పక్కన కూర్చుని ఒళ్లో చీర అంచు నలుపుతోంది.

నిచ్చెన లేచాడు. ఫ్యాను రెక్క తలకి తగులుతుందేమోనని ఎవరో గాభరాపడ్డారు.

"నేను రక్షింప," అని ఆగాడు. "పడ్డాను."

వెనక పిల్లలు కిసుక్కుమన్నారు. పాస్టరుగారు కళ్లజోడు సర్దుకున్నారు.

"నన్ను పట్టుకున్న చేతులకి గాయాలయ్యాయి," అన్నాడు నిచ్చెన. "ఆ మచ్చలు ఇప్పటికీ ఉన్నాయి."

అంతే, బావ లేచాడు. రెండు అరచేతులూ జనం వైపు తిప్పి, ఇటూ అటూ అందరికీ కనపడేలా చూపించాడు. అక్క అతని చొక్కా పట్టి లాగింది. అతను కూర్చోలేదు.

నిచ్చెన యేసు చేతుల గురించి చెబుతున్నాడు. మందిరంలో అందరికీ అర్థమైంది, బావకి తప్ప. ఆ క్షణంలో ఊరుకుంటే సరిపోయేది. బావ కూర్చునేవాడు, తాడు దక్కేది.

"నీ చేతులూ అంతే బావా," అన్నాడు నిచ్చెన. "నువ్వు లాగింది చచ్చేదాకా మరిచిపోను. కానీ నేను చెబుతున్నది నీ చేతుల సంగతి కాదు. మేడ మీంచి పడకముందే నేను పడి ఉన్నాను. అమ్మ పోయేముందు మంచినీళ్లడిగితే, నిద్రపోతున్నట్టు నటించాను. తెల్లారేసరికి ఆమె లేదు. ఆ గోతిలోంచి నువ్వు లాగలేవు బావా. అంత పొడుగు తాడు నీ దగ్గర లేదు."

నిచ్చెన జనం వైపు తిరిగాడు.

"ఆయన దగ్గరుంది. పడ్డాక కట్టింది కాదు. పడుతున్నవాడికి ఎవరు ముడి వేస్తారు? నేను పడతానని తెలిసి ముందే కట్టి ఉంచాడు. తన కొడుకునే ఇచ్చి కట్టాడు. ఆ రోజు మేడ మీదికి లాగుతున్నప్పుడు నేను సాయం చేద్దామని గోడకి కాళ్లు తన్నాను. అప్పుడు బావ, 'నీ సాయం తగలెయ్య, ఊరికే వేలాడరా!' అని అరిచాడు." జనం నవ్వారు. అతను నవ్వలేదు. "అయ్యగారు ఆ మాట కలిపి అనమంటారు. నాకు రాదు. 'పడ్డాను' వరకే నాది. ముందున్నది ఆయనది. అందుకని మహిమంతా ఆయనకే."

ఆమెన్ అనాల్సిన చోట ఎవరూ అనలేదు. అందరూ బావ వైపు చూస్తున్నారు. ఒంటికాలి మీద లేస్తాడనీ, గుమ్మం అదిరేలా వెళ్లిపోతాడనీ అనుకున్నారు. అతను ఇంకా నిలబడే ఉన్నాడు. చేతులు దించాడు. కొంచెంసేపు వాటికేసి తనే చూసుకున్నాడు.

"అసలు ఆ రోజు నేను వదిలేశాను," అన్నాడు.

అక్క తలెత్తింది.

"తాడు మంటలా కాలింది. పట్టుకోలేకపోయాను. చేతులు వాటంతటవే విచ్చుకున్నాయి. కళ్లు మూసుకున్నాను. చప్పుడు కోసం చూశాను, రాలేదు. కళ్లు తెరిస్తే తాడు ఆ ఊచకి మెలిపడి బిగుసుకుని ఉంది. పొద్దుట్నుంచీ నేను తిడుతున్న ఊచ. రంపం దగ్గరుంటే పొద్దున్నే కోసేసేవాణ్ణి. లాగింది నేనే. ఆపింది నేను కాదు."

ఆ ముక్క అతన్ని ఎవరూ అడగలేదు. టీ కొట్లో అతని మాట కాదనేవాడు ఎవడూ లేడు. ఆ గొంతు అంత చిన్నగా పలకడం మాత్రం అక్కడున్నవాళ్లు వినడం అదే మొదలు. అక్క ఏడుస్తూ మొగుడి చెయ్యి తన చేతిలోకి తీసుకుంది.

"రేపు తాడు నాకిస్తావో లేదో ఇక నీ ఇష్టం," అన్నాడు బావ.

"నీకే ఇస్తా బావా. నువ్వు ముడి వెయ్యకపోతే నేను దిగుతానా?"

పాస్టరుగారు నెమ్మదిగా దగ్గరికొచ్చి, బావ భుజం మీద చెయ్యి వేశారు. "మీరు కూడా ఏమైనా చెప్పాలనుకుంటున్నారా?" అని అడిగారు.

బావ మెడ మీద చెమట తుడుచుకున్నాడు.

"పడ్డానండీ," అన్నాడు. "ఆ వెనక ముక్క నాకూ వచ్చింది. ముందు ముక్క ఎలా అనాలో తెలీదు. దానికి నేనేం చెయ్యాలి?"

పాస్టరుగారు జవాబు చెప్పబోయారు. ఈలోపు నిచ్చెనే అన్నాడు.

"ఏమీ చెయ్యకు బావా. కాళ్లు తన్నకు. ఊరికే వేలాడు."