అద్దెకిచ్చిన పేరు

డ్రగ్ ఇన్‌స్పెక్టరు మందులకొట్టు గోడకున్న ఫార్మసిస్టు సర్టిఫికెట్టులోని ఫొటోకేసి ఒకసారి, స్టూలు మీది మనిషికేసి ఒకసారి చూశాడు. ఫొటోలో మనిషి బిగుసుకుపోయి ఉంది. స్టూలు మీద మనిషికి చెమటలు కారిపోతున్నాయి.

"లోయిస్ అంటే మీరేనా?"

"నేనేనండీ" అంది ఆమె బెంగాలీలో.

"రోజూ కూర్చుంటారా ఇక్కడ?"

ఇవాళే చేరానని చెప్పబోయింది. వెనక నుంచి కొట్టు యజమాని సాహా బాబు దగ్గాడు. అది మామూలు దగ్గు కాదని ఆమెకి తెలిసింది గానీ, ఎందుకు దగ్గాడో తెలియలేదు. "కూర్చుంటానండీ" అంది. రేపట్నుంచి రోజూ కూర్చునేదే కదా, అబద్ధం ఎలా అవుతుంది? ఇన్‌స్పెక్టరు సంతకం గిలికి, గొడుగు విప్పుకుని, పాంటు పైకి లాక్కుంటూ వాన నీళ్ళలోకి దిగిపోయాడు.

ఆ వాన ఏం వానో! ఓడరేవు పక్కనున్న గార్డెన్ రీచ్ రోడ్డు కాలవైపోయింది. రేవుకెళ్ళే బస్సులు పొద్దుట్నుంచీ లేవు. లోయిస్ తెల్లకోటు ఇస్త్రీ చేసుకుని, సంచిలో పెట్టి, సంచి నెత్తిన పెట్టుకుని రేవు కూలీలుండే డాకు క్వార్టర్ల నుంచి నడిచొచ్చింది. నలభై మూడేళ్ళ మనిషికి ఉద్యోగంలో మొదటిరోజంటే నవ్వులాట కాదు మరి!

అదే వీధి చివర నర్సింగ్ హోములో ఇరవై ఏళ్ళు ఆయాగా చేసింది లోయిస్. బెడ్‌పాన్లు ఎత్తింది, పురిటి మైల కడిగింది. "ఈ మాత్ర ఎందుకమ్మా?" అని రోగి అడిగితే "నర్సమ్మనడుగు" అన్నదొక్కటే ఇరవై ఏళ్ళూ ఆమె చెప్పిన జవాబు. ఆ జవాబు చెప్పి చెప్పి ఆమెకు విసుగు పుట్టింది. ముప్పై ఏడో ఏట మళ్ళీ పుస్తకం పట్టింది. వాడలో ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. పన్నెండో తరగతి ఒకసారి తప్పి, మళ్ళీ కట్టి పాసయ్యింది. తర్వాత రాత్రి డ్యూటీలు చేస్తూ రెండేళ్ళ ఫార్మసీ. క్లాసులో మొదటిరోజు మేష్టారు ఆమెను చూసి, బల్ల తుడిచి వెళ్ళమన్నాడు. తుడిచింది. తుడిచి అదే బల్ల దగ్గర కూర్చుంది. ఆ పూటకి మేష్టారు ఆమె వైపు తిరిగి చూడలేదు. కొడుకు వయసు పిల్లలు మాత్రం "మాషీ, మాషీ" అని పిన్నిని పిలిచినట్టు పిలుస్తూ పరీక్షల ముందు చుట్టూ చేరేవాళ్ళు.

రిజిస్ట్రేషన్ చేతికొచ్చాక పోయిన వారమే ఆయా పని మానేసింది. నిన్న తెలుగు చర్చిలో పాస్టరుగారు పేరుపెట్టి ప్రార్థన చేశారు.

"శభాష్ దిదీ! గండం గడిచింది" అన్నాడు సాహా బాబు, చేతులు రుద్దుకుంటూ. "ఇంక నువ్వు ఇంటికెళ్ళు."

"ఇంటికా? రాత్రి ఎనిమిదిదాకా కదా డ్యూటీ?"

సాహా బాబు ఆమె చేతిలో ఒక కవరు పెట్టాడు. "ఈ నెలది ఏడొందలు. ఇన్‌స్పెక్టరు వచ్చేరోజు కబురు పంపుతాం, వచ్చి కూర్చుంటే చాలు. అంతా జయరాజు దాదాతో మాట్లాడుకున్నాం కదా!"

లోయిస్ గుమ్మం వైపు తిరిగింది. గుమ్మంలో ఆమె మొగుడు జయరాజు గొడుగు పట్టుకుని నిలబడి ఉన్నాడు, ఆమెను తీసుకుపోవడానికి వచ్చాడు. ఆమె చూపు చూసి గొడుగు ముడవడంలో పడ్డాడు.

ఆ చుట్టుపక్కల కొన్ని కొట్లలో అదే పద్ధతి. ఫార్మసిస్టు లేకుండా మందులు అమ్మకూడదంటుంది చట్టం. సర్టిఫికెట్టు గోడనుంటే చాలదా అంటారు కొట్లవాళ్ళు. కాగితం అద్దెకొస్తుంది, మనిషి ఇంట్లో ఉంటాడు, మందులు యజమాని చుట్టం ఎవడో ఇస్తాడు. ఇక్కడ ఇచ్చేది సాహా బాబు బావమరిది. లోయిస్‌కు ముందు ఆ గోడ మేకుకి సర్టిఫికెట్టుగా వేలాడిన ఫార్మసిస్టు చచ్చిపోయి ఏడాది దాటింది. పాపం, చచ్చిపోయాక కూడా ఆయన డ్యూటీ చేస్తూనే ఉన్నాడు.

"ఏటయ్యా ఇది?" అంది లోయిస్. "ప్రేము కట్టించి తెత్తానని పట్టుకెల్లి, నన్ను అద్దెకిచ్చీసినావా?"

"నిన్ను కాదే, కాయితాన్ని."

"ఆ కాయితం మీద ఎవులి పేరుంది?"

"ఒలే, కోపగించకు" అన్నాడు జయరాజు దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి. "నీ మోకాళ్ళు సూత్తన్నాను గదా. మెట్లెక్కనేకపోతన్నావు. ఇరవయ్యేళ్ళు నిలబడ్డావు, ఇంకెన్నాళ్ళని నిలబడతావు? కూకున్న సోటుకే డబ్బులొత్తాయి. అందరూ ఇదే గదేటి సేత్తన్నారు! మరేటంటే... మన గుంటడికి రేవులో పని గురించి పార్టీ ఆఫీసులో ఓ మాట సెప్తానన్నాడు సాహా బాబు. డాకులో నాకు పని దొరికే రోజులు నెలకి సగం గూడా నేవు. అదీ మర్సిపోకు."

అతని మాటలో మోసం లేదు. ఆమె మోకాళ్ళకి రోజూ నూనె రాసేది అతనే. అందుకే లోయిస్‌కు మరీ కడుపు మండింది.

"నాను ఇంట్లో కూకోడానికేనేటయ్యా సదివింది?"

ఆమె సాహా బాబు వైపు తిరిగింది. "బాబూ, జీతం మీరెంతిస్తే అంతే. నేనిక్కడ కూర్చుని పని చేస్తాను."

సాహా బాబు నవ్వాడు. చెడ్డ నవ్వేం కాదు, చిన్నపిల్లకు నచ్చచెప్పేవాడి నవ్వు. "దిదీ, నేను పార్టీకి చందా ఇచ్చేవాణ్ణి, నాకు కులం గిలం పట్టింపు లేదు. కానీ నువ్వు బెడ్‌పాన్లు మోసినదానివని పేటంతా తెలుసు. నీ చేతి మందు ఎవరు మింగుతారు చెప్పు?"

బావమరిది గుడ్డ తీసి, ఆమె చెయ్యి ఆనించిన గాజుబల్ల తుడవసాగాడు. రోజూ తుడిచేదే కావచ్చు. ఇవాళ మాత్రం ఆమె చూసింది.

"నా పేరుతో మింగొచ్చు గానీ నా చేత్తో మింగకూడదు. అంతేనా బాబూ?"

"అర్థం చేసుకున్నావు కదా!"

"ఇతను ఒక మందు బదులు ఇంకోటి ఇచ్చి, ఎవరైనా చస్తే?"

"అవన్నీ నేను చూసుకుంటాను."

"పోలీసులు మిమ్మల్ని చూడరు బాబూ. గోడనున్న పేరు చూస్తారు."

కవరు గాజుబల్ల మీద పెట్టేసింది. మళ్ళీ స్టూలెక్కి కూర్చుంది. "పేరుంటే మనిషీ ఉంటుంది. మనిషి వద్దంటే చెప్పండి, పేరు పట్టుకుపోతాను."

"పట్టుకుపో చూద్దాం! నీ కొడుక్కి ఈ రేవులో ఎవడు పనిస్తాడో అదీ చూద్దాం" అన్నాడు సాహా బాబు. నవ్వు ఎటుపోయిందో పోయింది. ఇనప కొక్కెం అందుకుని షట్టరు సర్రున మోకాలి ఎత్తుదాకా దించేశాడు. "ఇవాళ బేరమే లేదు. ఎంతసేపు కూర్చుంటావో కూర్చో!"

కొట్లో చీకటి కమ్మింది. జయరాజు ముడుచుకున్న గొడుగు పట్టుకుని గోడవారగా నిలబడ్డాడు. "ఒలే లోయిసూ, ఎల్లిపోదాం రాయే. గుంటడి మొకం సూసైనా..." అన్నాడు. లోయిస్‌కు కొడుకు మొహమే కళ్ళ ముందు కనబడుతోంది.

షట్టరు బయట నీళ్ళలో అడుగుల చప్పుడైంది. "దాదా! కొట్టు తెరిచుందా? జ్వరంతో పిల్ల ఒళ్ళు కాలిపోతోంది దాదా!" అని ఆడగొంతు. గాజులున్న చెయ్యొకటి, తడిసిన ప్రిస్క్రిప్షన్ పట్టుకుని, షట్టరు కిందినుంచి లోపలికొచ్చింది.

బావమరిది వంగబోయాడు. "నువ్వు ముట్టుకోకు" అంది లోయిస్. ఎంత గట్టిగా అందంటే అతను ఆగిపోయాడు. ఆమె స్టూలు దిగి, ఆ చేతి ముందు నిలబడింది.

వంగి అందుకుంటే సరిపోతుంది. మందిస్తే పట్టుకుపోతుంది. ఇచ్చిన చెయ్యి ఎవరిదో ఆ తల్లికి ఈ జన్మలో తెలియదు. గొడవ ఉండదు. రేపూ ఇలాగే, ఎల్లుండీ ఇలాగే. ఛీ, అనుకుంది లోయిస్.

రెండు చేతులూ షట్టరు అంచు కింద పెట్టింది. మోకాళ్ళు కలుక్కుమన్నాయి. "ఒద్దే!" అన్నాడు జయరాజు. షట్టరు మూలుగుతూ పైకి లేచింది. వాన వెలుగు ఒక్కసారి లోపల పడింది.

బయట పిల్లను భుజాన వేసుకున్న ఇల్లాలు తెల్లకోటును చూసింది, తర్వాత మొహం చూసింది. "నువ్వు... నర్సింగ్ హోం ఆయావి కదూ?"

"ఆ ఆయానేనమ్మా. ఇప్పుడు ఇక్కడ ఫార్మసిస్టుని. కాగితం నాకివ్వండి."

ఆవిడ సాహా బాబుకేసి చూసింది. సాహా బాబు చేతిలో కొక్కెం అలాగే ఉంది. పిల్ల మూలిగింది. లోయిస్ చాపిన చెయ్యి చాపినట్టే ఉంచింది, ఆ చేతి మీద వాన పడుతోంది.